బూస్ట్ కొడితే లైకులొస్తున్నాయి, చీర మాత్రం కదలట్లేదు. ఏం చేయాలి?

మంగళగిరి_మగ్గం:
అందరికీ నమస్తే. మాది మంగళగిరి. నాన్నది చిన్న చీరల షాపు, ఇంట్లో రెండు గుంట మగ్గాలున్నాయి (నేలలో గుంట తవ్వి అందులో కాళ్ళు పెట్టి నేసేవి), బయట కొంతమంది నేతగాళ్ళకి నూలు, జరీ ఇచ్చి నేయిస్తాం. కాటన్ చీరలు, నిజాం బోర్డర్, డ్రెస్ మెటీరియల్, ఇవే మా సరుకు. షాపుకి వచ్చేది ఎక్కువగా పానకాల స్వామి గుడికి వచ్చినవాళ్ళు, లేదంటే గుంటూరు, విజయవాడ పాత కస్టమర్లు. ఇన్‌స్టాగ్రామ్ పేజీ నేను చూసుకుంటున్నా. రీల్ పెట్టి, ఎక్కువమందికి కనపడేలా డబ్బులు కట్టి బూస్ట్ కొడితే లైకులు బానే వస్తాయి, సూపర్ కలర్ అంటారు, ప్రైస్ ప్లీజ్ అని బోలెడుమంది అడుగుతారు, రాత్రి కూర్చుని ఒక్కొక్కరికీ డీఎం పెడతాను, చూసినట్టు కనపడుద్ది కానీ ఇంక సౌండ్ ఉండదు. నాన్నేమో ఆ ఫోనుకి తగలేసే డబ్బుతో ఇంకో వార్పుకి (మగ్గానికి ఎక్కించే పడుగుకి) నూలు వచ్చేది కదరా అంటున్నారు. బడ్జెట్ పెంచాలా? ఏజెన్సీకి ఇవ్వాలా? ఒక ఇన్‌ఫ్లుయెన్సర్ చీర ఫ్రీగా ఇచ్చి పైన డబ్బులు కూడా ఇవ్వమంటోంది, ఇవ్వాలా?

నేను మామూలుగా పెట్టే క్యాప్షన్ ఇది: "న్యూ కలెక్షన్ 😍 ప్యూర్ మంగళగిరి హ్యాండ్లూమ్. లాస్ట్ 2 పీసెస్, హర్రీ అప్! ప్రైస్ కోసం డీఎం. నో సీఓడీ, నో రిటర్న్, నో ఎక్స్‌ఛేంజ్. జెన్యూన్ బయ్యర్స్ మాత్రమే, టైంపాస్ గాళ్ళు దూరంగా ఉండండి."

పద్మక్క_పచ్చళ్ళు:
బాబూ, మిగతావి తర్వాత చూద్దాం గానీ ముందు ఆ ఆఖరి లైను తీసెయ్యి. మాది రాజమండ్రి, పచ్చళ్ళు పెడతాను. రోజూ పది మంది అడుగుతారు ముగ్గురు కొంటారు, మిగతా ఏడుగురూ టైంపాస్ కాదండీ, వాళ్ళలో ఒకావిడ సంక్రాంతికి గుర్తు పెట్టుకుని ఫోన్ చేస్తుంది. నీ షాపుకొచ్చి నలభై చీరలు విప్పించి కొనకుండా వెళ్ళినావిడని మీ నాన్నగారు ఏవన్నా అంటారా? మంచినీళ్ళిచ్చి మళ్ళీ రండమ్మా అంటారు. మరి ఫోనులో ఆ మర్యాద ఏమైపోయింది? 2025 ఏప్రిల్‌లో రేటు ఎక్కువ అన్న కస్టమర్‌ని పచ్చళ్ళ వాళ్ళు తిట్టిన వాయిస్ మెసేజ్ ఊరంతా తిరిగింది గుర్తుందా, అప్పుడు నాకు సంబంధం లేకపోయినా నా కస్టమర్లు కూడా నవ్వుతూ "రేటు అడగొచ్చా అండీ, తిట్టరు కదా" అని అడిగేవారు. ఒక్క వాయిస్ మెసేజ్ అండీ, అంతే.

కరీంనగర్_కిరాణ:
అక్క చెప్పింది కరెక్ట్. నా డౌట్ ఇంకోటి. తమ్మీ, రేటు ఎందుకు దాస్తున్నవ్? ప్రైస్ ప్లీజ్ అని గంతమంది అడిగిన్రంటే రేటు కనపడ్తలేదనే కదా. నువ్వు రాత్రికి జవాబిచ్చేటాళ్ళకు ఆ గిరాకీ ఇంకో పేజీల రేటు చూసి కొనేసింది. ఇంకో మాట, రేటు రాయకపోతే జనం ఎక్కువనే ఉంటదని అనుకుంటరు, లేదంటే మనిషిని చూసి రేటు చెప్తరని అనుకుంటరు. రెండూ మనకు లాసే.

మంగళగిరి_మగ్గం:
పద్మక్కా, ఆ లైను ఇప్పుడే తీసేశా.
కిరాణా అన్నా, రేటు పెట్టకపోవడానికి కారణం ఉంది. ఒకటి, పక్క షాపు వాళ్ళు చూసి యాభై తగ్గించి పెడతారు. రెండోది అసలైంది, మా దగ్గర తీసుకుని అమ్మే రీసెల్లర్లు ఉన్నారు. వాళ్ళు మా ఫొటోనే వాళ్ళ గ్రూపులో వేసుకుని వాళ్ళ మార్జిన్ వేసుకుంటారు. నేను ఇన్‌స్టాలో 1,650 అని పెడితే, ఆవిడ 1,950 చెప్పిన కస్టమర్ మా పేజీ చూస్తే ఇంకేముంది, ఆవిడ నాకు ఫోన్ చేసి గొడవ. పోయిన దసరాకి అదే అయింది.

నిజాంపేట్_చీరలు:
నేను రీసెల్లర్‌నే, అందుకని చెప్తున్నా. మీరు రేటు పెట్టడం మాకు ప్రాబ్లం కాదు, మాకిచ్చే రేటుకే బయట అందరికీ ఇవ్వడం ప్రాబ్లం. నేనొక షాపు వాళ్ళ దగ్గర ఏళ్ళుగా తీసుకుంటున్నా, వాళ్ళు బయట పెట్టేది పూర్తి రిటైల్ రేటు, మాకు దాని మీద ఫిక్స్‌డ్‌గా తగ్గింపు ఉంటుంది. కస్టమర్ ఎక్కడ చూసినా అదే రేటు. పైగా నేను చెప్పిన రేటూ నేసినవాళ్ళ పేజీలో రేటూ ఒకటే అయ్యేసరికి నా మీద నమ్మకం పెరిగింది. మీరు 1,950 అని బయట పెట్టి మాకు 1,650కి ఇవ్వండి, షిప్పింగ్ ఎవరు పెట్టుకోవాలో ముందే అనుకోండి. కొత్త ఫొటోలు మా గ్రూపులో ఒకరోజు ముందు వేసి, మర్నాడు మీ పేజీలో వేయండి. ఆ ఒక్కరోజు చాలు మాకు.

ఇంకోటి, షాపుకి వచ్చినవాళ్ళకి కౌంటర్ దగ్గర గుట్టుగా 1,500కి ఇచ్చేయకండి. ఎక్కడో ఒకచోట బయటపడుతుంది.

మంగళగిరి_మగ్గం:
నాన్న చేసేది అదే అక్కా 😂 బేరం ఆడకపోతే ఆడవాళ్ళకి కొన్నట్టే ఉండదంటారు.

పద్మక్క_పచ్చళ్ళు:
అది నిజవేలే.

యాడ్స్_పనోడు:
హైదరాబాద్‌లో చిన్న షాపులకి యాడ్స్ చేస్తుంటాను, బూస్ట్ దండగని మీ నాన్నగారు అంటున్నారు కాబట్టి కొంచెం దాని తరఫున. బూస్ట్ వేస్ట్ కాదు, మీరు ఏం అడిగారో అది ఇచ్చింది. ఎక్కువమంది చూడాలి, ఎంగేజ్ అవ్వాలి అని పెడితే లైకు కొట్టే అలవాటున్న వాళ్ళకి చూపిస్తుంది, వాళ్ళు లైకు కొట్టి పోతారు. మీరు బూస్ట్ నొక్కేటప్పుడు గోల్ అడుగుతుంది కదా, అక్కడ మెసేజెస్ ఎంచుకోండి, ఇంకా మంచిది యాడ్స్ మేనేజర్‌లోకెళ్ళి నొక్కగానే వాట్సాప్ తెరుచుకునే యాడ్ చేయండి. లొకేషన్ ఇండియా మొత్తం పెట్టకండి, మంగళగిరి చీర అంటే ఏంటో తెలిసిన ఊళ్ళు చాలు, విజయవాడ, గుంటూరు, హైదరాబాద్, వైజాగ్, బెంగళూరు. బిల్లు మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, బడ్జెట్ వేసుకునేటప్పుడు అది మర్చిపోతారు చాలామంది.

కానీ రేటు లేని క్యాప్షన్ మీద బడ్జెట్ పెంచితే రేటు అడిగేవాళ్ళు పెరుగుతారు, కొనేవాళ్ళు కాదు. నేనైతే క్యాప్షన్, వాట్సాప్ సరిచేసేదాకా యాడ్స్ ఆపేయమంటాను. నా పొట్ట మీద నేనే కొట్టుకుంటున్నా అనుకోండి, ఫర్లేదు. ఏజెన్సీ సంగతి కూడా అంతే, మీ సైజు షాపుకి వాళ్ళు చేసేది పండగలకి శుభాకాంక్షల పోస్టర్లు. వద్దు.

రీల్స్‌లో ఏం చూపిస్తున్నారో చెప్పండి?

మంగళగిరి_మగ్గం:
చీర మడతల మీద, స్టాండ్ మీద పెట్టి చుట్టూ తిప్పి తీస్తాను అన్నా, ట్రెండింగ్ పాట వేసి. లైటు రింగ్ లైట్.

డాలస్_తెలుగమ్మాయి:
నేను అమ్మేదాన్ని కాదు, కొనేదాన్ని. మంగళగిరి చీరలు చాలా కొన్నాను కాబట్టి కస్టమర్ బుర్రలో ఏం తిరుగుతుందో చెప్తాను, కొంచెం పెద్దగా ఉంటుంది ఏమనుకోకండి.

మీ రీల్ లాంటివి నాకు రోజుకి వంద కనిపిస్తాయి. అదే ఫొటో అయిదు పేజీల్లో ఉంటుంది, ఎవరిది అసలు షాపో తెలీదు. రింగ్ లైట్‌లో ఆకుపచ్చ చీర నీలంగా వస్తుంది, ఇంటికొచ్చాక చూస్తే ఇంకో రంగు. నాకు కావాల్సింది ట్రెండింగ్ పాట కాదండీ. పగటి వెలుతురులో, గుమ్మం దగ్గర, చీర విప్పి పల్లూ, బోర్డరు, బ్లౌజ్ ముక్క చూపించే ఇరవై సెకన్ల వీడియో. ఎవరైనా కట్టుకుని ఉంటే ఇంకా మంచిది, మీ అమ్మగారైనా సరే. మీ ఇంట్లో మగ్గం ఉందన్నారు, అది ఎవరి దగ్గరా లేనిది, దాన్ని చూపించకుండా స్టాండ్ చూపిస్తారేంటి! మగ్గం చప్పుడు పెట్టండి, పాట తీసేయండి.

ఇంకా నేను ప్రతిసారీ అడిగే ప్రశ్నలు అవే: పొడవెంత, బ్లౌజ్ కలిసే ఉందా విడిగానా, చేతి మగ్గం మీద నేసిందా పవర్‌లూమా (కరెంటు మగ్గమా), జరీ ఏ రకం, రంగు పోతుందా, మొదటిసారి ఎలా ఉతకాలి, ఎన్నాళ్ళకి వస్తుంది. ఇవి క్యాప్షన్‌లో ఉంటే నేను మెసేజ్ చేసేది ఒక్కటే, అడ్రసు.

అమెరికా పంపేవాళ్ళయితే ఒక సంగతి. 800 డాలర్ల లోపు పార్సిల్‌కి ఇదివరకు కస్టమ్స్ సుంకం ఉండేది కాదు, 2025 ఆగస్టు 29 నుంచి ఆ మినహాయింపు ఎత్తేశారు. ఆ టైంలో ఇండియా పోస్ట్ కూడా కొన్నాళ్ళు ఇటు పార్సిళ్ళు తీసుకోవడం ఆపేసింది. అప్పట్నుంచీ చాలామంది షాపుల వాళ్ళు షిప్పింగ్ ఫ్రీ అని చెప్పి డ్యూటీ సంగతి చెప్పట్లేదు, ఇక్కడ కొరియర్ వాడు తలుపు దగ్గర డబ్బులడుగుతాడు, కస్టమర్ మీ మీద కోప్పడుతుంది. బుక్ చేసేరోజు కొరియర్ వాళ్ళని అడిగి, డ్యూటీ ఎవరు కట్టాలో ఒక్క మెసేజ్‌లో చెప్పేయండి.

మంగళగిరి_మగ్గం:
థాంక్యూ అక్కా, మగ్గం వీడియో ఆలోచన నాకు తట్టనే లేదు, రోజూ చూసేదే కదా అని. పవర్‌లూమ్ అన్నారు కాబట్టి అడుగుతున్నా, షాపులో కొన్ని డ్రెస్ మెటీరియల్స్ బయట నుంచి తెచ్చిన పవర్‌లూమ్‌వి ఉన్నాయి. రేటు తక్కువని అడుగుతారు. పేజీలో అన్నిటికీ ఒకే క్యాప్షన్ కాపీ పేస్ట్ అయిపోతోంది.

లెక్కల_మాస్టారు:
విజయవాడ నుంచి. అది వెంటనే మార్చండి బాబూ. మగ్గం మీద నేయనిదాన్ని హ్యాండ్లూమ్ అని అమ్మడం వినియోగదారుల చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటన. పైగా కొన్ని రకాల నేత సరుకుని మగ్గాలకే కేటాయిస్తూ 1985 నుంచి వేరే చట్టం ఉంది. హ్యాండ్లూమ్ మార్క్ అని 2006 నుంచి కేంద్రం లేబుల్ ఇస్తోంది, టెక్స్‌టైల్స్ కమిటీ ద్వారా తీసుకోవచ్చు, మీ మగ్గాల చీరలకి అది కుట్టండి, పవర్‌లూమ్‌వి పవర్‌లూమ్ అనే రాసి వేరే రేటుకి అమ్ముకోండి, అమ్మడం తప్పు కాదు. మంగళగిరి చీరలకి జీఐ (ఫలానా ఊరి సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) ఉంది, కానీ ఊళ్ళో షాపు ఉన్నంత మాత్రాన లోగో వాడేసుకోకూడదు, ఆథరైజ్డ్ యూజర్‌గా రిజిస్టర్ చేసుకోవాలి.

మీ క్యాప్షన్‌లో ఇంకో రెండు ఉన్నాయి. నో రిటర్న్ అన్నారు. నచ్చలేదు అని వెనక్కిస్తే తీసుకోకపోవడం మీ ఇష్టం, డ్యామేజీ ఉన్న చీర వేరు. 2019 చట్టంలో స్పష్టంగా ఉంది, లోపం ఉన్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకుని డబ్బివ్వనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి. ఇక లాస్ట్ 2 పీసెస్. నిజంగా రెండే ఉంటే రాయండి. లేకుండా రాస్తే 2023 నవంబర్‌లో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళని మభ్యపెట్టే పద్ధతులు) మార్గదర్శకాల్లో చెప్పిన 13 రకాల మోసాల్లో అదొకటి.

ఆ ఇన్‌ఫ్లుయెన్సర్ విషయం: చీర ఫ్రీగా ఇచ్చినా సరే, అది యాడ్ అని ఆవిడ కనపడేలా చెప్పాలి. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ చెప్పింది ఇదే. చెప్పనంటే వదిలేయండి.

కరీంనగర్_కిరాణ:
సార్ మీరు చెప్పేది కరెక్టే గానీ గిన్ని చట్టాలు చెప్తే పోరడు షాపు బంద్ జేసుకుంటడు. రెండు మగ్గాలున్నోనికి గివన్నీ ఎవడు అడుగుతడు సార్?

లెక్కల_మాస్టారు:
ఎవరూ అడగరు, ఒక కస్టమర్‌కి కోపం వచ్చేదాకా. 1915కి ఫోన్ చేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్, ఫిర్యాదు ఇంట్లో కూర్చునే ఇవ్వచ్చు. నేను చెప్పినవాటిలో ఖర్చయ్యేది ఏముంది చెప్పండి, క్యాప్షన్ మార్చడమే కదా.

నిజాంపేట్_చీరలు:
సార్ పాయింట్‌కి ఒకటి కలుపుతా. మీరు నో రిటర్న్ అని రాసిన చోట "డ్యామేజీ ఉంటే మారుస్తాం, పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి పెట్టుకోండి" అని రాయండి. పని ఒకటే, వినడానికి చాలా తేడా. అలాగే మగ్గం చీరలో అక్కడక్కడా పోగు ముడి, చిన్న దారం తేడా ఉంటుంది కదా, కొత్తవాళ్ళు దాన్నే డ్యామేజీ అంటారు. అమ్మకముందే దగ్గర్నుంచి తీసిన ఫొటో పంపి, మగ్గం మీద ఇలా వస్తుందండీ అని చెప్తే గొడవే ఉండదు. తర్వాత చెప్తే సాకులా ఉంటుంది.

కరీంనగర్_కిరాణ:
సరే నేను వాట్సాప్ గురించి చెప్త, నాకు అచ్చిన పని అదొక్కటే. మాది కిరాణం, ఆర్డర్లు సగం దాంట్లనే అస్తయ్.

ఒక్క మెసేజ్ అందరికీ విడివిడిగ పోయే బ్రాడ్‌కాస్ట్ లిస్టుల 256 మందిని పెట్టచ్చు, కానీ నీ నంబర్ వాళ్ళు సేవ్ చేసుకుంటేనే మెసేజ్ పోతది. చానామందికి ఇది తెల్వదు, పంపిన పంపిన అనుకుంటరు, అవతల ఎవరికీ పోదు. గందుకని బిల్లు ఇచ్చేటప్పుడే "అమ్మా నంబర్ సేవ్ చేసుకోండ్రి, కొత్త చీరలు అచ్చినప్పుడు ఫొటో పంపుత" అని అక్కడే చేయించు. అడగకుండ గ్రూపుల మాత్రం కలపకు, పది మంది రిపోర్ట్ కొడితే నంబరే పోతది, నంబర్ పోతే షాపు పోయినట్టే. రోజూ గుడ్ మార్నింగ్ పువ్వులు పంపకు దండం పెడ్త. ఎప్పుడో ఒకసారి పంపితేనే తెరిచి చూస్తరు, రోజూ చూపించాల్నంటే స్టేటస్ ఉన్నది.

బిజినెస్ యాప్‌ల కేటలాగ్ ఉంటది, దాంట్ల చీర, రేటు పెట్టు. క్విక్ రిప్లై అని ఉంటది, డాలస్ అక్క అడిగిన ప్రశ్నలకు జవాబులు ఒక్కసారి టైప్ చేసి పెట్టుకుంటే స్లాష్ కొట్టంగనే అస్తయ్. లేబుళ్ళు పెట్టుకో: డబ్బులు రావాలె, పార్సిల్ పంపాలె, రంగు కోసం ఆగిన్రు. ఆఖరిది మస్తు ముఖ్యం, ఆ రంగు మగ్గం దిగినంక ఫస్ట్ ఫొటో వాళ్ళకే పోవాలె.

ఇంక గూగుల్ మ్యాప్‌ల నీ షాపు ఉన్నదా? గుడికి వచ్చేటోళ్ళు దిగంగనే ఫోన్‌ల చీరల షాపు కోసం వెతుకుతరు. బోర్డు కనపడేటట్టు ఫొటో, బండి ఎక్కడ ఆపాల్నో, ఏ రోజు బంద్. రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్త అని మాత్రం పెట్టకు, గూగుల్ రూల్స్‌కు విరుద్ధం. ఊరికే అడుగు, రాస్తరు.

మంగళగిరి_మగ్గం:
మ్యాప్‌లో ఉంది అన్నా కానీ ఫోన్ నంబర్ నాన్న పాత నంబరు 🙏 ఇప్పుడే మారుస్తున్నా.

యాడ్స్_పనోడు:
"రంగు కోసం ఆగినవాళ్ళు" అన్నది బంగారం లాంటి లిస్ట్. యాడ్‌కి పెట్టే డబ్బు ముందు అక్కడ తేలుతుంది, ఎందుకంటే వాళ్ళు రేటు తెలిసి ఆగినవాళ్ళు.

టైమింగ్ గురించి ఎవరూ మాట్లాడలేదు. మీ పోస్టులన్నీ సరుకు వచ్చిన రోజు వేస్తున్నట్టున్నారు. ఆషాఢంలో పెద్ద షాపులన్నీ డిస్కౌంట్ సేల్ పెడతాయి, ఆ నెలలో వాళ్ళతో రేటు పోటీకి వెళ్ళకండి, ఓడిపోతాం. ఆ నెల మగ్గం వీడియోలు, పాత కస్టమర్ల ఫొటోలు వాళ్ళనడిగి వేసుకోండి. శ్రావణం వరలక్ష్మీ వ్రతానికి కొనేవాళ్ళు బ్లౌజ్ కుట్టించుకోవాలి కాబట్టి ముందే చూస్తారు, అప్పుడు పెట్టండి యాడ్. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం, ఆరోజు ప్రతివాళ్ళూ చేనేత స్టేటస్ పెడతారు, మీ ఇంటి మగ్గం వీడియోకి అంతకంటే మంచిరోజు లేదు. తెలంగాణ కస్టమర్లకి బతుకమ్మ, మన దగ్గర సంక్రాంతి. మూఢం ఉన్నప్పుడు పెళ్ళి చీరల యాడ్ వేసి డబ్బులు తగలేసినవాళ్ళని చూశాను, క్యాలెండర్ చూసుకోండి.

మంగళగిరి_మగ్గం:
అన్నా ఇక్కడొక చిక్కుంది. యాడ్ వేశాక ఒకేసారి పదిమంది అదే రంగు అడిగితే? ఒక వార్పు మీద కొన్ని చీరలే వస్తాయి, అదే రంగు మళ్ళీ కావాలంటే అద్దకం దగ్గర్నుంచి మొదలు, వాన పడితే నూలు ఆరదు, గుంటలోకి నీళ్ళొస్తే మగ్గమే ఆగిపోద్ది. వారంలో ఇస్తానని చెప్పి ఇవ్వలేకపోతే తిడతారు.

పద్మక్క_పచ్చళ్ళు:
వారం అని ఎందుకు చెప్తావయ్యా. ఇప్పుడు నాకు రాసినట్టే వాళ్ళకీ రాయి. "వానలండీ, నూలు ఆరట్లేదు, ఇంకో రెండు వారాలు పడుతుంది, ఆగుతారా లేక డబ్బులు వెనక్కి పంపమంటారా" అని వాళ్ళు అడక్కముందే నువ్వే మెసేజ్ పెట్టు, తడి నూలు ఫొటో కూడా పెట్టు. మామిడికాయ ఆలస్యమైన ఏడాది నేను చేసిందదే, డబ్బులు వెనక్కి అడిగినవాళ్ళు చాలా తక్కువ. అడిగినవాళ్ళకి మాత్రం ఆ సాయంత్రమే పంపెయ్యాలి, రేపూ ఎల్లుండీ అనకూడదు.

డాలస్_తెలుగమ్మాయి:
తడి నూలు ఫొటో వస్తే నేనైతే ఇంకో చీర కూడా ఆర్డరిస్తా.

మంగళగిరి_మగ్గం:
నాన్నకి మొత్తం చదివి వినిపించా. రీసెల్లర్ల రేటు విషయం ఆయనకి నచ్చింది, నిజాంపేట్ అక్క చెప్పినట్టే చేద్దామన్నారు. కౌంటర్ దగ్గర బేరం మాత్రం మానను అన్నారు, చివరికి 1,950కి కిందికి దిగకుండా పైన జాకెట్టు ముక్క ఇస్తానన్నారు, ఇంకో దానికి ఒప్పుకోలేదు. ఇన్‌ఫ్లుయెన్సర్‌కి యాడ్ అని చెప్తారా అని మెసేజ్ పెట్టా, ఇంకా జవాబు లేదు.

కొత్త క్యాప్షన్ రాశా, చూసి చెప్పండి:

"మా ఇంటి గుంట మగ్గం మీద నేసిన మంగళగిరి కాటన్ చీర, నిజాం బోర్డర్. రంగు: చిలకపచ్చ, ఎరుపు అంచు. ధర 1,950 రూపాయలు, ఆంధ్ర, తెలంగాణలో కొరియర్ ఖర్చు మాదే. ఈ రంగులో ప్రస్తుతం నాలుగు ఉన్నాయి, తర్వాతి వార్పు రావడానికి టైం పడుతుంది. డ్యామేజీ ఉంటే మారుస్తాం, పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి ఉంచండి. క్యాష్ ఆన్ డెలివరీ లేదండీ, యూపీఐ ఉంది. వీడియో కాల్‌లో చూపించమంటే ఉదయం పది నుంచి సాయంత్రం ఆరు దాకా చూపిస్తాం."

లెక్కల_మాస్టారు:
బాగుంది. బిల్లు మీద కూడా డ్యామేజీ గడువు రాయండి.

డాలస్_తెలుగమ్మాయి:
పొడవు రాయలేదు, బ్లౌజ్ ఉందో లేదో రాయలేదు. మొదటిసారి ఎలా ఉతకాలో కూడా.

మంగళగిరి_మగ్గం:
అయ్యో అవును. కలిపేశా: "పొడవు అయిదున్నర మీటర్లు, బ్లౌజ్ ముక్క విడిగా. మొదటిసారి చల్లటి నీళ్ళలో విడిగా ఉతకండి."

నిజాంపేట్_చీరలు:
ఆ చిలకపచ్చలో నాకు రెండు పక్కన పెట్టండి. అప్పుడు క్యాప్షన్‌లో నాలుగు కాదు, రెండు అని మార్చాలి మీరు.